తాతల నాటి మంచం బాగు చేయించాలన్నా, కొత్తది చేయించుకోవాలన్నా: కర్నూలు ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

పాత చెక్క సామానుకు చెదలు చేసే చేటు ఎంతో, తొందరపడి చేయించే పాలిష్ చేసే చేటూ అంతే. మిషన్ పెట్టి పైపొరంతా గీకించి, లప్పం పూసి, తళతళలాడే వార్నిష్ కొట్టించాక ఇంట్లో మిగిలేది తాత మంచం కాదు, తాత కొన్న చెక్కతో చేసిన కొత్త మంచం. గీకేసిన పొరను ఏ వడ్రంగి ఆచారీ తిరిగి తేలేడు. అందుకే ఈ పనిలో ఒక వరస పాటించాలి. మళ్ళీ విప్పుకోగలిగే పనులు ముందు చేయాలి, వెనక్కి తీసుకోలేనివి చివరికి పెట్టాలి. చాలాసార్లు ఆ చివరిదాకా వెళ్ళే అవసరమే రాదు.

కర్నూలు, నంద్యాల, ఆదోని, డోన్ వైపు పాత ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి తరిమెన పట్టిన (తిప్పుతూ గుండ్రంగా చెక్కిన) కోళ్ళు, అంటే కాళ్ళు, ఉన్న నవారు మంచాలు, పందిరి మంచాలు, ఇత్తడి పువ్వులు కొట్టిన భోషాణాలు, పేము అల్లిన పడక కుర్చీలు, ఉయ్యాల బల్లలు, పీటలు, గోడ బీరువాల తలుపులు. వీటిలో ఎక్కువ భాగం టేకు. మిగిలినవి వేగిస, నల్లమద్ది, వేప, తుమ్మ. నల్లమల పక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి ఈ చెక్కలన్నీ ఇక్కడి ఆచార్ల చేతికి అలవాటైనవే.

ముందు తిరగేసి చూడండి

సామానును వసారాలోకి తెచ్చి, పగటి వెలుతురులో తలకిందులుగా పెట్టండి. "పైన చూస్తే ఏం తెలుస్తాది, తిరగేయండి" అని అనుభవమున్న ఆచారి ఎవరైనా మొదట అనే మాట ఇదే. పైభాగానికి పాలిష్, రంగు, నూనె పడి ఉంటాయి. అడుగు భాగం మాత్రం చేసిన రోజున ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది. చెక్క ఏదో, రంపం గీతలు చేతివో మిల్లువో, ఎన్నిసార్లు రిపేరు జరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

మర మేకుల తల చూడండి. ఒకే గాడి ఉంటే పాతదై ఉండొచ్చు. ప్లస్ గుర్తు గాడి అయితే అది తర్వాతి రోజుల్లో బిగించినదే, ఎందుకంటే ఆ రకం 1930లలో గానీ పుట్టలేదు. అలాంటి మేకు కీలు దగ్గర, అంటే రెండు కొయ్యలు కలిసే చోట, కనిపిస్తే ఎవరో వదులైన కీలును అతకకుండా మేకుతో లాగి బిగించారని అర్థం. దాని చుట్టూ చెక్క చీలి ఉంటుంది, అక్కడ వేలితో తడిమి చూడండి.

తర్వాత కాళ్ళ అడుగులు. మన వైపు ఇళ్ళలో నేల బేతంచర్ల నాపరాయి. వారానికోసారి బండలు కడిగితే ఆ నీళ్ళు మంచం కోళ్ళ కిందే నిలుస్తాయి. చెక్క అడ్డకోత వైపు నుంచి నీళ్ళు చాలా వేగంగా పీల్చుకుంటుంది. అందుకే పైనంతా రాయిలా ఉన్న కోడు అడుగున రెండు అంగుళాలు మెత్తబడి ఉంటుంది. బరమా మొనతోనో, మందపాటి సూదితోనో గుచ్చండి. గట్టి చేవలో, అంటే చెట్టు నడిమి ముదురు చెక్కలో, సూది దిగదు. మెత్తగా దిగిపోతే ఎంత లోతుకు దిగిందో ఆ పక్కనే సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

చివరగా సామానును రెండు చేతులతో పట్టుకుని మూలకు మూల ఊపండి. కిర్రుమంటే కీలు వదులైంది. చప్పుడు లేకుండా వంగితే చెక్కే విరిగింది. మొదటిది సులువైన పని, రెండోది కాదు. ఈ తేడా తెలుసుకున్నాకే ఎవరినైనా పిలవండి. లేకపోతే "కోడు మొత్తం మార్చాలి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవడం తప్ప దారి ఉండదు.

ఫోన్‌తో నలువైపులా, అడుగున, ప్రతి కీలు దగ్గరా ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ఏ ముక్క ఎటు అన్న గొడవ రాదు.

పురుగు ఉందా, వదిలి పోయిందా

చిన్న చిన్న బెజ్జాలు కనబడగానే మందు కొట్టించే అలవాటు చాలామందికి ఉంది. బెజ్జం అంటే పురుగు బయటికి వెళ్ళిపోయిన దారి. లోపల ఇంకా ఉందా లేదా తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. సామానును బాగా దులిపి, కింద నల్ల కాగితం పరిచి, వారం పది రోజులు కదపకుండా వదిలేయండి. కాగితం మీద గోధుమపిండిలాంటి లేత రంగు పొడి కొత్తగా రాలితే పురుగు బతికే ఉంది. ఏమీ రాలకపోతే అది చాలావరకు ఎప్పుడో తిని పోయిన చోటే. దానికి మందు దండగ.

పుచ్చు పురుగు ఎక్కువగా తినేది చేవ కట్టని తెల్లచెక్కను. టేకు చేవ జోలికి అంతగా రాదు. పట్టెకు ఒక అంచున మాత్రమే బెజ్జాలుండి మిగతాదంతా శుభ్రంగా ఉంటే కారణం అదే. ఆ తెల్ల అంచు వరకు తీసేసి అతుకు వేస్తే చాలు, పట్టె మొత్తం మార్చనక్కర్లేదు.

మందు కావాలంటే నేను మొదట చెప్పేది బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు. వేడినీళ్ళలో బోరాక్స్ మూడు పాళ్ళు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్ళు, రెండూ కలిపి లీటరుకు 50 గ్రాముల చొప్పున కరిగించి, పాలిష్ లేని వట్టి చెక్క మీద రెండు మూడుసార్లు బాగా పట్టించాలి. పాలిష్ ఉన్న చోట ఇది లోపలికి దిగదు, కాబట్టి అడుగు భాగం, కీళ్ళ లోపలి వైపు, బెజ్జాల్లోకి సిరంజితో ఎక్కించాలి. నీళ్ళు తగిలే చోట ఈ మందు కొట్టుకుపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలకు దూరంగా ఉంచండి, అన్నం గిన్నెల్లో కలపకండి.

మే నెల ఎండలో నల్ల ప్లాస్టిక్ పట్ట చుట్టి పెడితే పురుగు చస్తుందని ఊళ్ళల్లో చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. ఎగుమతి పెట్టెల చెక్కకు ప్రపంచమంతా పాటించే నియమం కూడా చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి అరగంట ఉండాలన్నదే. కానీ మూడంగుళాల కోడు నడిమికి ఆ వేడి ఎండతో చేరుతుందన్న నమ్మకం లేదు. పైగా లక్క పాలిష్ కరిగిపోతుంది, పలకలు చీలతాయి. విప్పేసిన పలచటి ముక్కలకైతే ప్రయత్నించొచ్చు. పూర్తి సామానుకు వద్దు.

చెదలు వేరే సంగతి. అవి చాలావరకు సామానులో పుట్టవు, గోడలోంచో నేలలోంచో మట్టిదారి కట్టుకుని వస్తాయి. ఆ దారి ఎక్కడ మొదలైందో వెతికి అక్కడ వైద్యం చేయించకపోతే బీరువాకు ఎన్ని మందులు కొట్టినా మళ్ళీ వస్తాయి.

వరదలో తడిసిన సామాను

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. చెక్క సామాను నీటిలో ఉండటం ఎలా ఉంటుందో ఈ ఊరికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అలాంటి సామానును ఎండలో పెట్టడం పెద్ద తప్పు. పైపొర ముందే ఎండి కుంచించుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, రెండింటి మధ్య లాగులాటలో చెక్క నెర్రెలిస్తుంది. బురద మంచినీళ్ళతో కడిగి, సొరుగులు, తలుపులు తీసి విడిగా పెట్టి, నేలకు తగలకుండా కింద చెక్కముక్కలు వేసి, గాలి ఆడే నీడలో వారాల తరబడి ఆరనివ్వాలి. ఉబ్బి బిగుసుకున్న సొరుగును బలంగా లాగకండి. ఆరాక అదే వస్తుంది. ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటే దాని మీద ఆశ వదులుకోవచ్చు, గట్టి టేకు అయితే దాదాపు ఎప్పుడూ బాగుపడుతుంది.

ఆచారిని ఎలా వెతకాలి

ఇంటీరియర్ పని చేసే కుర్రాడికి ప్లైవుడ్ కోయడం, లామినేట్ అతకడం చక్కగా వచ్చి ఉండొచ్చు. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ నూరేళ్ళ మంచం కీలు విప్పి మళ్ళీ బిగించడం వేరే విద్య. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, ఇంకో కొయ్య బెజ్జంలో దూర్చి, అడ్డంగా చీల కొట్టి, ఒక్క మేకు లేకుండా కట్టే పని తెలిసినవాడు కావాలి. అలాంటివాళ్ళ పేర్లు టింబర్ డిపోల్లో, కోత మిల్లుల్లో తెలుస్తాయి. ఊళ్ళో కొత్తగా కట్టిన గుడికి తలుపులు ఎవరు చేశారో, రథం చక్రాలు ఎవరు బాగు చేశారో అడగండి. ఎద్దుల బండ్లు చేసిన ఇంటి నుంచి వచ్చినవాడు దొరికితే ఇంకా మంచిది. బండిచక్రం కట్టే చేతికి మేకు లేకుండా చెక్కను పట్టి ఉంచడం బాగా తెలుసు.

కొట్టుకు వెళ్ళినప్పుడు పని కంటే ముందు పనిముట్లు చూడండి. ఉలి అంచు మెరుస్తూ ఉందా? సానరాయి తడిగా ఉందా, దుమ్ము పట్టి మూలన పడి ఉందా? చిత్రిక పట్టిన పేడు కాగితంలా పొడుగ్గా వస్తుందా, ముక్కలుముక్కలుగా రాలుతుందా? తర్వాత ఒక ప్రశ్న వేయండి. "ఈ కీలు వదులైంది ఆచారీ, ఏం చేస్తావు?" అంటే "రెండు స్క్రూలు కొడితే సరి" అన్నవాడికి నమస్కారం పెట్టి రండి. "విప్పి చూడాల సార్, లోపల బంక పోయిందో, నాలుకే విరిగిందో" అన్నవాడి దగ్గర కూర్చోండి.

చాలామంది ఆచార్లు అమావాస్య నాడు పనిముట్టు పట్టరు. గడువు లెక్కేసేటప్పుడు దాన్నీ, దసరా ఆయుధపూజనూ కలుపుకోండి. ఆ రోజు ఫోన్ చేసి తొందర పెట్టడం మర్యాద కాదు.

విప్పడం, అతకడం

ఇక్కడ తొందర పనికిరాదు. పగటి వెలుతురులో, ఒక్కో కీలుకు రెండు వైపులా ఒకే గుర్తు పెడుతూ విప్పాలి. సుద్ద చెరిగిపోతుంది, కనబడని చోట పెన్సిల్‌తో అంకెలు వేయించండి. కొయ్య చీలను సన్నగా ఉన్న వైపు నుంచి తట్టి బయటికి తీయాలి. చీల రాకపోతే దాన్నే నడిమికి బరమాతో తొలిచి తీయొచ్చు, చీల కొత్తది చేసుకోవచ్చు. కోడు కొత్తది చేయాల్సి రాకూడదు. ఇనుప సుత్తి నేరుగా చెక్క మీద పడకూడదు. కొయ్యసుత్తి వాడాలి, లేదా మధ్యలో ఒక మెత్తటి చెక్కముక్క అడ్డు పెట్టాలి.

పాత సామానులో అతికినది ఎక్కువగా పశువుల తోలు, ఎముకల నుంచి కాచిన బంక. మన ఆచార్లు దాన్ని వజ్రం అంటారు. పేరుకు వజ్రమే గానీ గోరువెచ్చటి నీళ్ళకు మెత్తబడుతుంది. అదే దాని గొప్పతనం. కీలు చుట్టూ తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచితే చెక్క చెడకుండా విడిపోతుంది. ఇప్పుడు వాడే తెల్ల బంక, అంటే ఫెవికాల్ రకం, బలంలో తక్కువేమీ కాదు గానీ ఒకసారి పట్టాక అలా విడవదు. మీ మనవళ్ళ కాలంలో ఈ మంచాన్ని మళ్ళీ ఎవరో విప్పాల్సి వస్తుంది. విలువైన వంశపారంపర్య సామానుకు వజ్రమే వాడమని అడగండి. ఆచారి దగ్గర లేకపోతే, కనీసం తెల్లబంకను కీళ్ళకు మాత్రమే పరిమితం చేయమనండి.

ఏ బంకైనా సరే, పాత తెల్లబంక మీద పూస్తే పట్టదు. నాలుక మీద, బెజ్జం లోపల గోరుతో గీరితే వట్టి చెక్క తగిలేదాకా గీరించాలి. చెక్కను తినేయకుండా బంకను మాత్రం తీయడమే పనితనం. నాలుక అరిగి బెజ్జంలో కదులుతుంటే బంకతో నింపేయకూడదు. నాలుకకు రెండు వైపులా అదే జాతి చెక్క పలచటి పొర అతికి, ఆరాక చిత్రిక పట్టి, బిగుతుగా దూరేలా చేయాలి.

బిగించేటప్పుడు ఇనుప క్లాంపులు లేకపోయినా నష్టం లేదు. మంచం చుట్టూ తాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెడితే మంచి బిగింపే వస్తుంది. తాడు తగిలే చోట గుడ్డ పెట్టాలి. బిగించాక టేపుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, రెండోవైపు కూడా కొలవండి. రెండు కొలతలూ ఒకటైతేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే బంక తడిగా ఉన్నప్పుడే సరిచేయాలి. ఆ తర్వాత పూర్తిగా ఒక రోజు దాని జోలికి వెళ్ళకూడదు.

కుళ్ళిన చోట అతుకు

అతుకు వేసేటప్పుడు ఆకారమే అన్నిటికంటే ముఖ్యం. నలుచదరంగా కోసి పెడితే నారకు అడ్డంగా పడిన గీత పాలిష్ కింద కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండు కొసలూ సన్నబడేలా కోలగా కోసి, కొత్త ముక్క నార పాత నార వెంటే పోయేలా పెడితే వెతికితే తప్ప దొరకదు. ముక్క కొంచెం ఎత్తుగా పెట్టి, ఆరాక చిత్రికతో సమం చేయాలి. పాతదాన్ని కొత్తదాని మట్టానికి దించకూడదు.

చెక్క ఎక్కడిది? అదే సామాను అడుగున కనబడని చోటి నుంచి తీసిన ముక్కకు సాటి లేదు. అది కుదరకపోతే పడగొట్టిన మిద్దె టేకు. కోడు అడుగున కుళ్ళితే కుళ్ళిన మేరకే కోసి, ఏటవాలు కోత అతుకుతో కొత్త చెక్క కలిపి, కింద ఇత్తడి టోపీయో, పలచటి రబ్బరు బిళ్ళో వేయించుకోండి. నాపరాయి తడి మళ్ళీ ఎక్కదు.

పలకలు చీలినప్పుడు లప్పం పూయించవద్దు. చలికాలంలో కనబడే సందు ఆగస్టులో మూసుకుంటుంది. మధ్యలో లప్పం ఉంటే అది బయటికి తోసుకొస్తుంది, లేదా పలక ఇంకో చోట చీలుతుంది. అసలు పలక ఎందుకు చీలిందో చూడండి. చాలాసార్లు చట్రంలో స్వేచ్ఛగా ఉండాల్సిన పలకకు ఎవరో మేకులు కొట్టి ఉంటారు. ఆ మేకులు తీసేయడమే సగం వైద్యం. ఎడం మరీ పెద్దదైతే అదే చెక్క సన్నటి బద్ద చేసి అందులో అతికించాలి. మేకు బెజ్జాలు, గీతల్లాంటి చిన్నవాటికి రంపపు పొట్టు బంకలో కలిపి పూస్తుంటారు. అది పాలిష్ పట్టదు, మరకలా మిగిలిపోతుంది. లక్క కడ్డీ కరిగించి పోయడం మేలు.

పైపూత: గీకే ముందు కరిగించి చూడండి

కనబడని మూలన దూదిని స్పిరిట్‌లో ముంచి కాసేపు రుద్దండి. జిగురుగా మారి గోధుమరంగు దూదికి అంటితే అది లక్క పాలిష్. అదే జరిగితే మీకు అదృష్టమే. గీకక్కర్లేదు. లక్క ఎన్నేళ్ళయినా స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి, ముందు గోరువెచ్చటి సబ్బునీళ్ళు పిండిన గుడ్డతో మురికి తుడిచి, ఆరాక మెత్తటి బ్రష్‌తో స్పిరిట్ తేలిగ్గా లాగితే పాత లక్కే మెత్తబడి గీతలు పూడ్చుకుంటూ మళ్ళీ పరుచుకుంటుంది. దాని మీద కొత్త లక్క రెండు పూతలు చాలు. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు మెత్తబడితే లాకర్ (lacquer) పూత. రెండింటికీ చలించకపోతే నూనె వార్నిష్, లేదా ఈ మధ్య కాలపు పీయూ (పాలీయురెథేన్) పూత.

ఎవరైనా పాత సామానుకు ఎనామిల్ రంగు వేసి ఉంటే జాగ్రత్త. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు, మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లోవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు తీసే ద్రావణం పూసి తడిగా గీకించండి, గీకిన చెత్తను కాగితంలో చుట్టి పారేయండి, ఆ పని పిల్లలు, గర్భిణులు ఉన్న చోట పెట్టకండి.

ఉప్పు కాగితం తప్పదనుకుంటే 180 నంబరుతో మొదలుపెట్టి 320 దాకా వెళ్ళండి, నారవెంటే రుద్దండి. మరీ గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టే కుర్రాణ్ణి అక్కడే ఆపండి. మేకు తుప్పు వల్ల వచ్చిన నల్లమరక రుద్దితే పోదు. ఆక్సాలిక్ యాసిడ్ పలచగా పూస్తే తేలిపోతుంది, తర్వాత మంచినీటి గుడ్డతో తుడవాలి. ఇదీ విషమే, చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి.

కొత్త లక్క కలపాలంటే అర లీటరు స్పిరిట్‌కు 100 గ్రాముల లక్కరేకులు వేసి రాత్రంతా నాననిచ్చి, వడకట్టాలి. దూది ముద్దకు మెత్తటి పాత నూలుగుడ్డ చుట్టి, ఒక్క చుక్క నూనె రాసి, పలచగా పూతల మీద పూతలు. వాన ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకుంటే లక్క తెల్లగా మసకబారుతుంది. మన వైపు జనవరి నుంచి మార్చి మధ్య ఈ పనికి మంచి కాలం. లక్క వేడికీ నీటికీ ఓర్వదు, కాబట్టి భోజనాల బల్లకు అది వద్దు. బల్లకు ఉడికించిన అవిసె నూనె గానీ వార్నిష్ గానీ వేయించండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకూడదు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్లో వేయాలి.

ఇత్తడి బందులు, గొళ్ళేలు, పువ్వులు విప్పకుండా ఉండగలిగితే మేలు. చింతపండు రసంతో తోమితే మెరుస్తాయి గానీ ఆ పులుపు చుట్టూ ఉన్న చెక్కకు పట్టి మరక పడుతుంది. తోమాలంటే విడదీసి తోమండి. పేము అల్లిక చినిగితే మొత్తం కొత్తగా అల్లించుకోవాల్సిందే, మధ్యలో అతికితే ఆగదు. నవారు మారిస్తే నూలుదే తీసుకోండి, ప్లాస్టిక్ నవారు పట్టెలను గీరేస్తుంది.

కొత్తది చేయించుకోవాలంటే

చెక్క విషయంలో నా మొదటి సలహా పడగొట్టిన మిద్దెలు. రాయలసీమ మట్టి మిద్దెల దూలాలు, దంతెలు దశాబ్దాల తరబడి ఇంట్లోనే ఎండినవి. అంత బాగా ఆరిన చెక్క డిపోలో దొరకదు. కొనేటప్పుడు గోడలో కూరుకుని ఉన్న కొసలు చూడండి, చెదలు పట్టేది అక్కడే. ఆ కొసన అడుగు వరకు తీసేసి లెక్క కట్టమనండి. కోత మిల్లుకు పంపే ముందు అయస్కాంతం పెట్టి మేకులన్నీ వెతికించండి. రంపం పళ్ళు విరిగితే మిల్లువాడు మీ మీదే పడతాడు.

డిపోలో కొంటే తేమ మీటరు పెట్టి చూపించమనండి. 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే ఇంట్లోకి సరిపోతుంది. పచ్చిచెక్క అంగుళం మందానికి దాదాపు ఏడాది నీడలో ఆరాలి. వేప పురుగుకు ఓర్చుకుంటుంది, పల్లెల్లో సులువుగా దొరుకుతుంది, సరిగ్గా ఆరకపోతే మాత్రం మెలి తిరుగుతుంది. వేగిస గట్టిది, ద్వారబంధాలకు, మంచాలకు బాగుంటుంది. మీ పొలం గట్టు మీది టేకు చెట్టు కొట్టాలన్నా, చెక్క తరలించాలన్నా ముందు అటవీశాఖ ఆఫీసులో అడగండి. కడప వైపు నుంచి ఎవరైనా ఎర్రచందనం చవగ్గా ఇస్తానంటే వినకుండా వచ్చేయండి. అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో ఉండటమే నేరం.

చెక్క లెక్క మీరే కట్టుకోవచ్చు. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక నవారు మంచం తీసుకుంటే: ఆరున్నర అడుగుల పట్టెలు రెండు, ఐదంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం, 0.90. మూడున్నర అడుగుల అడ్డపట్టెలు రెండు, అదే కొలతతో, 0.49. అడుగున్నర కోళ్ళు నాలుగు, మూడంగుళాల చదరం, 0.38. మొత్తం 1.77 ఘనపుటడుగులు. కోతలో, తరిమెనలో పోయేదానికి నాలుగో వంతు కలిపితే రెండుంపావుకు దగ్గర. ఎవరైనా నాలుగు అంటే ఎక్కడికి పోయిందో అడగొచ్చు.

కొలతలు పుస్తకంలోవి కాక మీ ఇంటివాళ్ళవి ఇవ్వండి. మోకాళ్ళ నొప్పులున్న అవ్వకు మంచం ఎత్తు పరుపుతో కలిపి ఆమె కుర్చీలో కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనే ఎత్తు ఉండాలి. భోజనాల బల్ల 30 అంగుళాలు, కుర్చీ 18 అంగుళాలు. ఆ రెండింటి మధ్య అడుగు ఎడం ఉంటే తొడలకు తగలదు. మూడడుగుల వెడల్పున్న టేకు బల్లపలక ఎండాకాలానికీ వానాకాలానికీ పావు అంగుళం దాకా కదులుతుంది. పలకను చట్రానికి మేకులతో బిగించేయకుండా కదలడానికి గాడి వదలమని ముందే చెప్పండి. ఆ మాటకు ఆచారి నవ్వి "అది మాకు తెలీదా సార్" అంటే సంతోషించండి.

కూలీనా, గుత్తా?

బాగుచేత పనికి రోజుకూలీ, కొత్త పనికి గుత్త. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. విప్పితే గానీ లోపల ఏముందో తెలియని పనికి గుత్త మాట్లాడితే నష్టపోతానన్న భయంతో ఆచారి తొందరపడతాడు, ఆ తొందర చెక్క మీద పడుతుంది. కొత్తదానికి కొలతలు, చెక్కజాతి, కీళ్ళ రకం, పైపూత, గడువు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. చెక్క మీరే కొని ఇవ్వండి. అడ్వాన్సు మూడో వంతు, వట్టి చెక్కగా నిలబెట్టి చూపించినప్పుడు మూడో వంతు, పైపూత అయ్యాక మిగతాది. వట్టి చెక్కగా ఉన్నప్పుడే చూడాలని పట్టుబట్టండి, వార్నిష్ పడ్డాక లోపాలు దాక్కుంటాయి.

మంచి పనివాడైనా పనిముట్ల కొరత ఉందని ఆచారి అంటే పీఎం విశ్వకర్మ పథకం గురించి చెప్పండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలో వడ్రంగంతో కలిపి 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు.

మొదటి ఏడాది

సామాను ఇంటికి చేరాక కూలర్ గాలి నేరుగా తగలని చోట, పడమటి కిటికీ ఎండ పడని చోట పెట్టండి. గోడకు నాలుగు వేళ్ళ ఎడం వదలండి. బండలు కడిగాక కోళ్ళ చుట్టూ పొడిగుడ్డతో తుడవడం పనిమనిషికి చూపించండి. నెలకోసారి పొడిగుడ్డ చాలు, నూనె పూయడం ఏడాదికోసారి మించవద్దు, ఎక్కువైతే దుమ్ము పట్టి జిడ్డు పేరుకుంటుంది.

తొలి వానాకాలంలో సొరుగులు, తలుపులు బిగుసుకుంటాయి. అప్పుడు ఆచారికి ఫోన్ చేసి చిత్రిక పట్టించకండి. ఆగస్టులో తగ్గించిన తలుపు మార్చికల్లా వదులై గాలికి కొట్టుకుంటుంది. అంచుకు కొవ్వొత్తి రుద్ది డిసెంబరు దాకా చూడండి. వానల తేమ పోయి చెక్క తగ్గాక కూడా పట్టేస్తుంటే, అప్పుడు పిలిచి ఎక్కడ రాసుకుంటోందో సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తు మేరకే తీయించండి.